జస్ట్ మస్టర్డ్ ‘హార్ట్ అండర్’: చాన్నాళ్లు విన్నాక

ఈ ఆల్బమ్‌ని ఫోన్ స్పీకర్లో వింటే నచ్చదు, ముందే చెప్పేస్తున్నా. జస్ట్ మస్టర్డ్ వాళ్లది ఐర్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న డండాక్ పట్టణం. ఐదుగురి బ్యాండ్. 2018లో తొలి ఆల్బమ్ ‘వెన్స్‌డే’ తెచ్చారు, 2022 మేలో పార్టిజన్ రికార్డ్స్ నుంచి ‘హార్ట్ అండర్’. ఐరిష్ పోస్ట్-పంక్ (పంక్ తర్వాత దాన్నుంచే పుట్టిన రాక్ శైలి) అనగానే డబ్లిన్ బ్యాండ్ల మాటల దూకుడు ఆశించేవాళ్లకు ఇక్కడ దొరికేది వేరు. మాట తక్కువ, మత్తు ఎక్కువ.

కిటుకంతా బేస్ గిటార్‌లోనే ఉంది. రాబ్ క్లార్క్ బేస్ శ్రుతి పెట్టెలా అడుగున మోగుతూ పాటను పట్టి ఉంచుతుంది. పైన రెండు గిటార్లు ట్యూన్ జోలికి పెద్దగా పోవు. సైరన్‌లా, డ్రిల్లింగ్ మెషిన్‌లా, ఇనుము ఇనుముకి రాసుకున్నట్టు మోగుతుంటాయి. బేస్ గిటార్ అడుగు తీగ దాదాపు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్లు అంతకు చాలా పైనే, 200–300 దగ్గరే చేతులెత్తేస్తాయి. పునాది పోయి గీరుడు మిగులుతుంది. “వట్టి గోల” అని తీసిపారేసేవాళ్లు చాలామంది విన్నది ఈ సగం పాటనే.

అలాగని బేస్ బూస్ట్ నొక్కకండి. 100 హెర్ట్జ్ దగ్గర 6 డెసిబెల్స్ పెంచారంటే కేటీ బాల్ మెత్తని గొంతు మునిగిపోతుంది. డేవిడ్ రెంచ్ చేసిన మిక్స్‌ని ఈక్వలైజర్ ముట్టుకోకుండా వినడమే మేలు. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ సరిపోతాయి. ఇయర్‌బడ్స్ అయితే రబ్బరు టిప్ సైజు చూసుకోండి, వదులుగా ఉంటే ముందు జారిపోయేది బేసే.

మొదట ‘మిర్రర్స్’ వినండి, పది పాటల్లో తేలిగ్గా చెవికెక్కేది అదే. తర్వాత ‘ఐ యామ్ యు’. అది చాలా మెల్లగా మొదలవుతుంది. వినబడట్లేదని అక్కడ వాల్యూమ్ పెంచితే చివర్లో చెవులు దిమ్మెక్కుతాయి. వాల్యూమ్ ఆ పాట చివరి భాగానికి సరిపోయేలా పెట్టుకుని, అప్పుడు ‘23’ నుంచి వరసగా వెళ్లండి. షఫుల్ వద్దు.

గిటార్ వాయించేవాళ్లకు ఒక మాట. ఇలాంటి ధ్వని దగ్గరికి పోవాలంటే పెడల్స్ వరస తిరగేసి చూడండి. మామూలుగా ముందు డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా చీల్చేది), తర్వాత రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని ఇచ్చేది) పెడతారు. రివర్బ్ ముందు పెడితే దాని తోక, అంటే చివర సాగే ప్రతిధ్వని కూడా చిరిగి, ఒక్క నోటే గది నిండిపోతుంది. గెయిన్ తక్కువ ఉంచండి. పూర్తి కార్డ్ కొడితే స్వరాలు ఒకదాంతో ఒకటి కలిసి బురదైపోతుంది, ఒకటి రెండు తీగలు చాలు. నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని ఆపేసే పెడల్) ఉంటే తీసేయండి, అది ఆ తోకనే కోసేస్తుంది.

లోపం లేదా అంటే ఉంది. నడుమ పాటలు ఒకే రంగులో సాగుతాయి, ‘సోర్’ దగ్గరికి వచ్చేసరికి కాస్త అలసట. 2025లో వచ్చిన ‘వి వర్ జస్ట్ హియర్’లో గొంతు ముందుకొచ్చింది, వెలుగూ పెరిగింది. ఈ చీకటి పడనివాళ్లు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు. నా ఓటు మాత్రం ఇంకా ‘హార్ట్ అండర్’కే.