పాలిటెక్నిక్ షెడ్డులో నరసాపురం లేసు శిక్షణ

మా పాలిటెక్నిక్ కళాశాలలో బోధన, బోధనేతర సిబ్బంది కోసం ఒక శిక్షణ సంస్థ నరసాపురం లేసు అల్లికపై కార్యశాల నిర్వహించింది. 2024లో ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తిగా భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఈ కళను నేర్పడానికి వచ్చిన ఇద్దరు మహిళలు ఉపన్యాసాల జోలికి పోకుండా నేరుగా సూది చేతికిచ్చారు. దారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకొని, కొక్కెం సూదితో ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చును లాగుతూ గొలుసు వేయడం చూడడానికి తేలికే. కానీ దారం బిగిస్తే తరువాతి వరుసలో సూది దూరదు, వదులైతే పువ్వు రేకులు వాలిపోతాయి. మైక్రోమీటరుతో కొలతలు నేర్పే మెకానికల్ అధ్యాపకుల గొలుసులే అందరికన్నా వంకరగా రావడం అటెండర్లకు మంచి వినోదమైంది. విడి పువ్వులు అల్లేవారు వేరని, వాటిని కలిపి బల్లగుడ్డగా తీర్చే అతుకు పనివారు వేరని, నడుమ వ్యాపారుల చేతుల మీదుగా కూలి లెక్క ఎలా నడుస్తుందో కూడా ఆ మహిళల నోటనే విన్నాము.

లేత్ యంత్రాల షెడ్డులో, నూనె మరకల బల్లల మీద తెల్లని నూలుతో పని చేయించడం మాత్రం క్షమించరానిది. ధ్రువపత్రాలపై సంస్థ పేరు పెద్ద అక్షరాలలో ఉన్నది గానీ, నేర్పినవారి పేర్లు ఎక్కడా లేవు. దారం, సూది కూడా ఇచ్చారు కనుక రుసుము సమంజసమే. ఈ కార్యశాలను పెట్టుకోదలచిన కళాశాలలు డ్రాయింగు హాలును కేటాయించి, ఆ రుసుములో శిక్షకులకు ముట్టేదెంతో ముందే అడిగి తెలుసుకోవాలి.