విప్పకుండా తిరిగొచ్చిన నారింజ ట్యూబు

శరదృతువు అనగానే బొమ్మలేసేవాళ్లకు పండుటాకుల అడవులు కళ్లముందు ఆడతాయి. అన్నీ పరాయి దేశాల బొమ్మల్లో చూసినవే. ఆ మోజుతోనే నేనూ క్యాడ్మియం ఆరెంజ్ అనే నారింజ రంగు కొత్త ట్యూబు కొని సంచిలో వేసుకుని, కార్తీకంలో నాలుగు రోజులు పాలమూరు, నల్లగొండ తిరిగొచ్చాను. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో కదా అన్న సంగతి జడ్చర్ల దాటాక గానీ తట్టలేదు. వానలకు కడిగిన ఆకుపచ్చ ఎటు చూసినా. వాటర్ కలర్‌లో ఆకుపచ్చ అంత మొండి రంగు ఇంకోటి లేదు. ట్యూబులోంచి తీసి పూస్తే గోడకు వేసిన పెయింట్‌లా ఉంటుంది. నీలంలో ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు, కొంచెం బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపితేనే ఇక్కడి చెట్టు రంగు వస్తుంది.

మొదటి మజిలీ మహబూబ్‌నగర్ పిల్లలమర్రి, ఊడలు దిగిన పాత మహా మర్రిచెట్టు. ఊరి నుంచి ఆటోలో పది, పదిహేను నిమిషాలు. నీడ ఉంది, కూర్చునే చోటుంది, గేటు బయట టీ దొరుకుతుంది. ఎండలో కాగితం పరిచేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అయితే చెట్టు దగ్గరికి వెళ్లనివ్వరు, దూరం నుంచే చూడాలి. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ కూలింది. ఆ తర్వాత చెదలు పట్టిన మానుకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. బరువైన కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆసరా పెట్టారు. బొమ్మలో ఆ దిమ్మెలు వదిలేద్దామని ముందు అనుకున్నాను. వదిలేస్తే చెట్టు గాల్లో వేలాడుతున్నట్టు అబద్ధంగా అనిపించింది. వేశాను. నా వెనక నిలబడి చూస్తున్న పెద్దమ్మ మాత్రం, “ఊడలు తక్కువ పెట్టినవు బిడ్డా” అని తేల్చేసింది. నిజమే.

రాత్రి బస బస్టాండ్ పక్కన ఒక లాడ్జిలో. పేరెందుకులెండి. దుప్పటి శుభ్రంగానే ఉంది, బాధంతా బల్బుతో. ఆ పసుపు వెలుగులో బొమ్మ పూర్తి చేద్దామని కూర్చుని, నీలం చాలట్లేదని నీడల్లో ఇంకా ఇంకా వేశాను. తెల్లారి కిటికీ దగ్గర చూస్తే మర్రి కింద సిరా బుడ్డి ఒలికినట్టుంది. బొమ్మలేసేవాళ్లు గది తీసుకునే ముందు ఫ్యాన్ కంటే ముందు లైటు చూసుకోవాలి.

శనివారం కొల్లాపూర్ మీదుగా సోమశిల. నాలుగు రోజుల్లో డబ్బుకు తగిన చోటు ఇదొక్కటే. టూరిజం వాళ్ల కాటేజీ వరండాలో కూర్చుంటే ఎదురుగా కృష్ణ, అవతల నల్లమల. శ్రీశైలం వెనక జలాలు ఈ నెలల్లో నిండుగా ఉంటాయి. సంగమేశ్వరం గుడి చూద్దామని వచ్చేవాళ్లకు ఒక మాట: అది నీళ్లలో ఉంటుంది, ఎండాకాలానికి నీరు తగ్గితేనే బయటపడుతుంది. భోజనానికి చేపల పులుసు ముందే చెప్పి పెట్టుకోండి. ఆలస్యంగా వెళ్లి నేను పప్పుతో సరిపెట్టుకున్నాను.

ఆదివారం ఆరింటికే ఒడ్డున బోర్డు పెట్టాను. 300 జీఎస్ఎం మందపాటి కాటన్ కాగితం, ఆకాశానికి పల్చటి వాష్, అంటే నీళ్లెక్కువ కలిపిన రంగు పూత. పది నిమిషాలైనా ఆరదు. గాలంతా తేమ. ఓపిక పట్టలేక కొండల రంగు తగిలించాను. నీరు వెనక్కి పాకి, కొండ అంచున కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక విచ్చుకుంది. తుడిస్తే ఇంకా పాడవుతుంది, వదిలేశాను. విచిత్రం ఏమిటంటే అది కొండ మీది మంచులాగే కుదిరింది. అదే వాష్ పదకొండింటికి వేస్తే కుంచె ఆ చివరికి చేరేలోపే ఈ చివర ఆరిపోతోంది. శరత్తులో మనకు దొరికేది పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం గంటన్నర. పుట్టిలో వలలు సర్దుకుంటున్న ఒకాయన తొంగి చూసి, “మబ్బులు మంచిగనే వచ్చినయి. నీళ్లేవి సారూ?” అన్నాడు. కాగితాన్ని నీళ్ల కోసమే ఖాళీగా వదిలానని చెప్పడానికి నాకే సిగ్గేసింది.

అక్కడి నుంచి అచ్చంపేట, దేవరకొండ మీదుగా మూడు బస్సులు మారి నల్లగొండ. నడుము విరిగింది గానీ, దారంతా పగిలిన పత్తి. తెల్లగా ఉందనుకుంటాం, సాయంత్రం నాలుగింటికి చూస్తే లేత ఊదా. బస్సు ఆపమనలేం కదా, కిటికీలోంచే పెన్సిల్‌తో రాసుకున్నాను.

చివరి రోజు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. బయట బొమ్మలేసేవాడి టెన్షన్ అంతా నీడతోనే. గీత గీసేలోపు జరిగిపోతుంది. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలపు ఈ గుడిలో శివలింగం వెనక పడే స్తంభపు నీడ పగలంతా అక్కడే నిలబడుతుంది. ఎన్నాళ్ల నుంచో దాని ముందు తీరిగ్గా కూర్చోవాలని కోరిక. నేను వెళ్లిందేమో కార్తీక సోమవారం! గంటకు పైగా లైను, లోపల అర నిమిషం. సంచి విప్పే చోటు కూడా లేదు.

బయట ఉసిరి దీపాలు అమ్ముతున్న ఆమె నా బోర్డు చూసి, “నీడ ఏడికీ పోదు సారూ, రేపు పొద్దుగాల్ల రాండ్రి, ఎవరుండరు” అంది. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి హైదరాబాద్‌లో నా డ్రాయింగ్ క్లాసు. రెండు దీపాలు కొనుక్కుని బస్టాండుకు ఆటో ఎక్కాను.