స్పానిష్‌లో 'ఒ' విరిగి 'వె' అయ్యే రూలు: నాలుగేళ్ళు వాడాక నా మాట

మొదటి ఏడాదిలో అడిగుంటే అయిదుకి అయిదు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు నాలుగు, అదీ గొణుక్కుంటూ.

స్పానిష్ క్లాసుకి వెళ్ళినవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి పట్టికలు వేయను. నేను చేయగలను అంటే 'ప్వెదో', మేం చేయగలం అంటే 'పొదేమోస్'. ఊనిక (మాటలో గట్టిగా నొక్కి పలికే చోటు) పడితే 'ఒ' కాస్తా 'వె' అవుతుంది, ఊనిక పక్కకి జరిగితే మళ్ళీ మామూలు 'ఒ'. మాకు దీన్ని క్రియల లిస్టుగా బట్టీ పట్టించారు. అది క్రియలతో ఆగదని అంకెలు చెప్పుకుంటుంటే తట్టింది: తొమ్మిది 'న్వెవె', తొంభై 'నొవెంతా'. తలుపు 'ప్వెర్తా', ఆ తలుపు దగ్గర కూర్చునే వాచ్‌మన్ 'పొర్తేరో'. 'ఎ' ది కూడా ఇదే వరస, ఏడు 'స్యెతె', డెబ్భై 'సెతెంతా'. ఆ రోజు నుంచి డిక్షనరీ తెరవలేదంటే నమ్మండి.

ఇంకో బోనస్ కూడా ఉంది. ఇంటర్లో మార్కులొస్తాయని సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్న బాపతు నేను. 'వ్యాఁ' (వస్తాను) పక్కన 'వెనోఁ' (వస్తాం), 'ద్వా' (నేను చేయాలి) పక్కన 'దెవోఁ' (మేం చేయాలి), ఎందుకలా అంటే "అంతే, రాసుకో" అనేవాళ్ళు. తీరా చూస్తే లోపల తిరిగేది ఇదే మెషీను: 'ద్వా' సంగతే చూస్తే, స్పానిష్, ఫ్రెంచ్ రెండూ పుట్టిన లాటిన్‌లోని 'ఏ' ఊనిక కింద 'ఎయ్', 'ఒయ్' అయి చివరికి 'వా' దగ్గర తేలింది. కొన్ని మాటల్లో మాత్రం ఆ 'ఒయ్' 'ఎ' వైపు పోయింది, కానీ ఫ్రెంచ్ అకాడమీ నిఘంటువు స్పెల్లింగు మార్చింది 1835లో. ఇంగ్లిష్‌వాళ్ళు అంతకు ముందే ఎత్తుకుపోయిన 'కానసర్' (మంచిచెడ్డలు ఎరిగిన రసజ్ఞుడు) స్పెల్లింగులో ఓ-ఐ అలాగే ఉండిపోయింది, ఫ్రెంచ్‌లో ఏ-ఐ రాస్తారు. మార్కుల కోసం బట్టీ కొట్టిన చదువు అయిదేళ్ళ తర్వాత అర్థమైతే ఆ సంతోషం వేరు.

ఇక దెబ్బ సంగతి. హైదరాబాద్ కాల్ సెంటర్‌లో స్పానిష్ ప్రాసెస్, రెండో ఏడు, మెక్సికో నుంచి కాల్. సర్వర్ స్పందించట్లేదని చెప్పాలి. పూర్తి కాన్ఫిడెన్స్‌తో "ఎల్ సెర్విదోర్ నో రెస్ప్వెందె" అన్నాను. అటువైపు నిశ్శబ్దం. లైన్ బాలేదేమోనని ఇంకా గట్టిగా, 'ప్వె' మీద బాగా ఊని మళ్ళీ అన్నాను. ఆయన చాలా మర్యాదగా "రెస్పోందె, హోవెన్ (కుర్రాడా), రెస్పోందె" అన్నాడు, చిన్నపిల్లాడికి పలక మీద దిద్దించినట్టు. కాల్ రికార్డింగు క్వాలిటీ వాళ్ళకి దొరికింది, కొత్త బ్యాచ్ ట్రైనింగులో వినిపించారు. క్యాంటీన్‌లో ఇప్పటికీ నా పేరు రెస్ప్వెందె.

తప్పెక్కడ జరిగిందో ఆ వారమంతా తవ్వాను. లాటిన్‌లో మనకున్నట్టే హ్రస్వం, దీర్ఘం ఉండేవి, మన కొన, కోన లాగా. విరిగేది హ్రస్వ 'ఒ' మాత్రమే. దీర్ఘం విరగదు, అందుకే సూర్యుడు 'సోల్', పువ్వు 'ఫ్లోర్'. పైగా హ్రస్వ 'ఉ' కూడా వచ్చి ఆ దీర్ఘంలో కలిసిపోయింది, లాటిన్ 'బుక్కా' స్పానిష్‌లో 'బోకా' (నోరు) అయింది. అంటే స్పానిష్ 'ఒ' ని చూసి అది ఏ ఇంటిదో చెప్పలేం. ఇది వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ళ గొడవే, ఎం-ఈ-డీ-ఏ అంటే మెడో మేడో వాళ్ళకే తెలియాలి. పాతకాలంలో ఉత్తర ఆఫ్రికాలో లాటిన్‌లో రాసిన క్రైస్తవ బిషప్ అగస్టీన్‌కీ ఇదే తలనొప్పి: 'ఓస్' నోరు, 'ఒస్' ఎముక, అక్కడి చెవులు హ్రస్వదీర్ఘాలు పట్టుకోవు కాబట్టి ఎముకని 'ఒస్సుమ్' అన్నా పర్లేదని రాశాడు. స్పానిష్ ఎముక 'వెసో' ఆ 'ఒస్సుమ్' నుంచి వచ్చిందే.

ఇంత తెలిసినా 'న' తర్వాత ఇంకో హల్లు ఉంటే రూలు మాట వినదు. వంతెన 'ప్వెంతె', కొండ 'మోంతె'. దొరికించుకుంటాడు 'ఎంక్వెంత్రా', దాస్తాడు 'ఎస్కోందె'. నన్ను ముంచిన 'రెస్పోందె' కూడా ఈ బాపతే. డిక్షనరీ తెరవలేదన్నాను కదా, అది కాస్త ఎక్కువ చెప్పడమే.

కొనొచ్చా అంటే, నాకు ఫ్రెంచ్ ముందే ఉంది కాబట్టి గిట్టుబాటైంది. పక్క సీట్లో బ్రెజిల్ కాల్స్ చూసే అమ్మాయికి దండగ, పోర్చుగీస్‌లో తలుపు 'పోర్తా'నే, అక్కడ విరగనే లేదు. ఆరు నెలల్లో ఉద్యోగం కావాలనుకునేవాళ్ళకి లిస్టు బట్టీయే నయం. నేనైతే వదల్లేదు, కాకపోతే కొత్త క్రియలో 'ఒ' పక్కన 'న' కనిపిస్తే ఇప్పటికీ కాల్ మ్యూట్‌లో పెట్టి డిక్షనరీ చూస్తున్నాను.