ఇంట్లో చేసిన లూర్‌కి ఏ క్లియర్ మేలు? తీరం తేమలో ఎపాక్సీ, పీయూ, యూవీ రెసిన్

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయి. ఆ మొగల్లో పండుగప్ప కోసం లూర్ (చేపలా కనిపించే ఉత్తుత్తి ఎర) విసిరేవాళ్లలో కొందరు వాటిని ఇంట్లోనే చెక్కి రంగులేసుకుంటారు. ఊరి చెరువుల్లో కొర్రమీనుకి పాపర్లు (నీటి మీద తేలుతూ చప్పుడు చేసే లూర్లు) చేసుకునేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరూ ఒకే దగ్గరకొచ్చి ఆగుతారు: రంగు కుదిరింది, ఇప్పుడు పైన ఏ క్లియర్ (రంగుని కాపాడే పారదర్శక పూత) కొట్టాలి?

ఆ పూత మీద పడే భారం చిన్నది కాదు. చెక్కలోకి నీరు దిగితే చెక్క ఉబ్బుతుంది, ఉబ్బిన చోట రంగు చిట్లుతుంది, చిట్లిన చోటినుంచి ఇంకా నీరు దిగుతుంది. హుక్ తగిలించే కొక్కెం బిగించిన రంధ్రం, ముక్కు కింది పలక (లిప్) గుచ్చిన గాటు, నీళ్లు ముందుగా దూరేది ఈ రెండు చోట్లే. మూడు ముళ్ల గాలం ఊగుతూ పొట్టకింద ఎప్పుడూ ఒకే గీత మీద రాసుకుంటుంది. కోనెం, సావడ లాంటి పళ్ల చేప పట్టిందంటే గాట్లు పడతాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏడాదికి పదో పరకో లూర్లు చేసుకునేవాళ్లకి రెండు సీసాలుగా వచ్చే, కలిపి వాడే ఎపాక్సీ మేలు. ఒకేసారి బుట్టెడు చేసి ముగించేవాళ్లకి హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ (పాలీయూరిథేన్) మేలు. గాలిలో తేమతో గట్టిపడే ఒంటి డబ్బా పీయూ పల్చగా, చాలా అందంగా వస్తుంది, కానీ మన దగ్గర దాన్ని నిలవ ఉంచడం కష్టం. అతినీలలోహిత కాంతికి గట్టిపడే యూవీ రెసిన్ మరమ్మతులకి మాత్రమే. ఈ వరస పెట్టింది మెరుపు చూసి కాదు. మూత తీశాక సీసాలో మిగిలిన సరుకు వచ్చే నెలకి పనికొస్తుందా అన్నది చూసి పెట్టాను. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన తీరంలో గాలి ఏడాదిలో చాలా నెలలు తడిగానే ఉంటుంది. పొడి ఊళ్లలో ఉన్నవాళ్లు ఇచ్చే సలహా ఇక్కడ అచ్చంగా పనిచెయ్యకపోవడానికి అదే కారణం.

ఎపాక్సీ సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది చేతిలోకి వచ్చేది అదే. రెసిన్ ఒక సీసా, హార్డెనర్ ఒక సీసా. రెండూ కలిస్తేనే గట్టిపడతాయి కాబట్టి విడివిడిగా ఉన్నంతకాలం గాలి వాటిని అంత తొందరగా పాడుచెయ్యదు. ఒక్క పూతతోనే మందంగా నిలుస్తుంది, చెక్క మీది చిన్న గీతలన్నీ నిండిపోతాయి. కింద వేసిన రంగుని సాధారణంగా కరిగించదు. ఆ మందమే దాని లోపం కూడా. రెండంగుళాల చిన్న లూర్‌కి రెండు మందపు పూతలు వేస్తే బరువు పెరిగి ఊపు చచ్చిపోతుంది. ఎండ తగిలిన కొద్దీ పసుపు తిరుగుతుంది కూడా. తెల్ల పొట్ట ఉన్న లూర్ మీద అది ముందుగా కనిపిస్తుంది.

కొలత దగ్గరే ఎక్కువ పూతలు చెడతాయి. సీసా మీద సమపాళ్లు అని రాసుంటే అది పరిమాణంలోనా బరువులోనా అని చదువుకోవాలి. రెసిన్, హార్డెనర్ల సాంద్రత ఒకటి కాదు, అందుకే పరిమాణంలో సమానమైనవి తూకంలో సమానం కావు. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజిలు రెండు కొనుక్కోండి. ఒకటి రెసిన్‌కి, ఒకటి హార్డెనర్‌కి. గుర్తు పెట్టుకొని ఎప్పటికీ మార్చకండి. నురగ రాకుండా నెమ్మదిగా రెండు మూడు నిమిషాలు కలపాలి, గిన్నె అంచులూ అడుగూ గీరాలి, తర్వాత ఇంకో శుభ్రమైన కప్పులోకి వంపి మళ్లీ కలపాలి. అంచుకి అంటుకొని కలవకుండా మిగిలిన రెసినే లూర్ మీద ఎప్పటికీ ఆరని జిగటమచ్చ అవుతుంది. మైనం పూత ఉన్న కాగితం కప్పులు వద్దు.

కలిపినదాన్ని కప్పులోనే కుప్పగా ఉంచితే తన వేడికి తానే తొందరగా గట్టిపడిపోతుంది. పళ్లెం మీదో అల్యూమినియం రేకు మీదో పల్చగా పరిస్తే ఇంకొంత సమయం చేతిలో ఉంటుంది. మరబోట్ల వేటకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం ఉంటుంది కదా, తీరంలో చాలామందికి చేతిలో తీరిక ఉండేది అప్పుడే. ఎండ మండేదీ అప్పుడే. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీతో పని చేసుకునే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట అని రాసిన సరుకు మే నెల మధ్యాహ్నం పావుగంటే ఇస్తుందనుకొని కలుపుకోండి. ఒక విడతకి రెండు మూడు లూర్లకి మించి పెట్టుకోవద్దు.

పూసిన తర్వాత లూర్ తిరుగుతూ ఉండాలి. లేకపోతే కిందికి జారి పొట్టకింద బొట్టు కడుతుంది. ఎయిర్ కూలర్ రెక్కలని అటూ ఇటూ ఆడించే చిన్న మోటారు ఇందుకు చక్కగా సరిపోతుంది, నిమిషానికి ఐదారు చుట్లు తిరిగేది చాలు. అది ఇంటి కరెంటుతో నడిచేది కాబట్టి తీగల అతుకులు బయటికి కనిపించకుండా టేపు చుట్టండి. మోటారు లేనివాళ్లు మొదటి గంట రెండు మూడు నిమిషాలకోసారి చేత్తో తిప్పుకోవాలి. బుడగలు కనిపిస్తే హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి దూరంనుంచి ఒక్క క్షణం చూపిస్తే పోతాయి. పూత వెనక్కి లాక్కుపోయి గుంటలు పడుతున్నాయంటే కింద వేళ్ల నూనె ఉందన్నమాట. పూసేముందు స్పిరిట్‌తో తేలిగ్గా తుడవాలి, అయితే కింద రంగు స్పిరిట్‌కి కరుగుతుందేమో ఒక మూల చూసుకొని మరీ తుడవండి.

ఇక తేమ. తడిగాలిలో ఎపాక్సీ పైన తెల్లగా, నూనె రాసినట్టు పల్చటి పొర వస్తుంది. హార్డెనర్‌లో ఉన్న అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, బొగ్గుపులుసు వాయువుతో కలవడం వల్ల వచ్చే పొర అది. దాని మీదే రెండో పూత వేస్తే అది పట్టుకోదు, కొన్నాళ్లకి పెచ్చుగా లేస్తుంది. పూర్తిగా గట్టిపడ్డాక సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, సన్నటి ఎమిరీ పేపర్‌తో గరుకు చేసి అప్పుడు రెండోది వెయ్యాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోతే మంచిది. శీతాకాలంలో ఎండెక్కాక మొదలుపెట్టి, సాయంత్రం మంచు దిగేలోగా పూత బిగుసుకునేలా చూసుకోండి. చేతికి అంటకపోయినంత మాత్రాన నీళ్లలో దించొద్దు. చాలా రకాలకి పూర్తి గట్టితనం రావడానికి వారం పడుతుంది.

నిలవ విషయంలో ఎపాక్సీ నమ్మకమైంది. సీసాలు నీడలో, నిలబెట్టి ఉంచాలి. మూతలు ఒకదానివి ఇంకోదానికి పెట్టకూడదు, పెడితే సీసా మెడ దగ్గరే అతుక్కుపోతుంది. జనవరి చలికి రెసిన్ నెయ్యి పేరుకున్నట్టు తెల్లగా గడ్డకడితే పారెయ్యకండి. మూత బిగించి, వేలు పెట్టగలిగేంత వేడినీళ్లలో సీసాని నిలబెట్టి, పూర్తిగా తేటపడేదాకా ఉంచితే మునుపటిలా పనిచేస్తుంది. చిన్న పలుకు కూడా మిగలకూడదు, మిగిలితే దాని చుట్టూ మళ్లీ పేరుకుంటుంది. హార్డెనర్ కొంచెం పసుపెక్కితే ముదురు రంగు లూర్లకి వాడుకోవచ్చు.

హార్డెనర్ కలిపే పీయూ వడ్రంగులు తలుపులకీ బీరువాలకీ కొట్టే పీయూ పాలిష్ రకమే. కార్లకి కొట్టే క్లియర్ కూడా ఇదే కోవ. పొరలు పల్చన, రాపిడికి గట్టి, ఎండకి పసుపెక్కడం తక్కువ. గాలం రాసుకునే గీత దగ్గర ఎపాక్సీ కంటే ఇదే ఎక్కువ తట్టుకుంటుందని నా నమ్మకం. కానీ పల్చటి పొరలు మూడు నాలుగు కావాలి. దాని థిన్నర్ కింద రంగుని కదిలిస్తుంది. మార్కర్ పెన్నుతో గీసిన పొలుసులు చెరిగిపోవచ్చు, ఎనామిల్ అయితే ముడతలు పడొచ్చు. మొదటి పొర అతి పల్చగా వేసి ఆరనిచ్చాకే రెండోదానికి వెళ్లాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. స్ప్రే చేస్తే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోయి ఉబ్బసం తెచ్చిపెడుతుంది, ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత చిన్న మోతాదు కూడా పడదు. ముక్కుకి కట్టుకునే గుడ్డ మాస్కు దీన్ని ఆపదు. ఇంట్లో స్ప్రే వద్దు. ఆరుబయట, చేతికి నైట్రిల్ గ్లౌజులు వేసుకొని బ్రష్‌తో వేసుకోండి, లేదా షెడ్డులో సరైన ఏర్పాట్లున్న పెయింటర్‌కి డబ్బులిచ్చి కొట్టించుకోండి. లూర్లు ఒకేసారి ఎక్కువ ఉంటే ఇదే తెలివైన పద్ధతి.

నిలవకి వస్తే పాడయ్యేది హార్డెనరే. మూత తీసిన ప్రతిసారీ తేమ దూరి కొన్నాళ్లకి మబ్బుగా మారుతుంది, చిక్కబడుతుంది. కలిపాక మిగిలినదాన్ని డబ్బాలో పోసి బిగించకండి, లోపల వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుంది. తెరిచి ఉంచి గట్టిపడ్డాక పారేయండి.

ఒంటి డబ్బా పీయూ అనే పేరుతో షాపుల్లో రెండు వేర్వేరు సరుకులు ఉంటాయి. ఒకటి గాలిలోని ఆక్సిజన్‌తో ఆరే నూనె రకం, ఇంకోటి గాలిలోని తేమతో గట్టిపడేది. షాపులో అడిగి, డబ్బా మీద చదివి, ఏదో తేల్చుకోవాలి. రెండోదాన్ని లూర్లు చేసేవాళ్లు ఇష్టపడతారు. ముంచి తీసి వేలాడదీస్తే చాలు, కలపడం లేదు, మోటారు లేదు. మందంగా వేస్తే మాత్రం తేమతో కలిసేటప్పుడు పుట్టే వాయువు లోపలే చిక్కుకొని సన్నటి బుడగలుగా మిగిలిపోతుంది.

చిక్కంతా డబ్బాతోనే. ఏ తేమ దాన్ని లూర్ మీద గట్టిపరుస్తుందో అదే డబ్బాలోనూ గట్టిపరుస్తుంది. విజయనగరం పెయింటు షాపులో ఒక పెద్దాయన నాతో, "మూత ఇప్పేరంటే దాని ఆయువు మొదలైనట్టే బావూ, పని చూసుకొనే పట్టుకెళ్లండి" అన్నాడు. ఆ మాట అక్షరాలా నిజం. లూర్‌ని నేరుగా డబ్బాలో ముంచొద్దు. వాడేంత చిన్న గాజుసీసాలోకి వంపుకొని అందులోనే ముంచాలి, మిగిలింది తిరిగి డబ్బాలో పొయ్యొద్దు. అసలు మూతే తియ్యకుండా డబ్బా పైన అంచు దగ్గర రెండు చిన్న రంధ్రాలు పొడిచి, ఒకదాంట్లోంచి వంపుకొని రెండోదాన్ని గాలికి వదిలి, పని అయ్యాక వాజలైన్ రాసిన స్క్రూలతో రెండూ మూసేసే పద్ధతి మంచిది. మూతంతా తెరవడం కంటే లోపలికి పోయే గాలి బాగా తగ్గుతుంది.

సరుకు తగ్గే కొద్దీ డబ్బాలో గాలి పెరుగుతుంది. అందుకే కొనగానే చిన్న చిన్న సీసాల్లోకి నిండుగా పంచుకొని పెట్టుకోవాలి. సీసా సగమైతే కడిగి ఎండబెట్టిన గాజు గోళీలు వేసి మట్టం పైకి తేవొచ్చు. స్టీలు రెయిలింగులు అతికే వెల్డింగ్ షాపులో ఆర్గాన్ ఉంటుంది, గాలి కంటే బరువైన వాయువు అది. అడిగి సీసాలోకి కొంచెం పట్టించుకొని వెంటనే మూత పెడితే సరుకు మీద పొరలా కూర్చుంటుంది. నోటితో ఊదొద్దు, మన ఊపిరిలో ఉండేదే తేమ. లైటర్ గ్యాస్ కొట్టేవాళ్లూ ఉన్నారు, అది మండే వాయువు, ఆ పని చెయ్యకండి. ఇంట్లో తిండి పెట్టే ఫ్రిజ్‌లో థిన్నర్ ఆవిరి ఉన్న ఏ సీసా పెట్టొద్దు. పైగా చల్లటి సీసాని బయటకి తీసి మూత ఇప్పితే లోపల నీటి చెమ్మ పడుతుంది.

యూవీ రెసిన్ యూవీ దీపం కింద నిమిషాల్లో గట్టిపడుతుంది, మన ఎండలోనైనా గట్టిపడుతుంది. లూర్ ముక్కు దగ్గర పెచ్చు ఊడితే గట్టుమీదే పూసి ఎండకి చూపించి మళ్లీ విసరొచ్చు. గాలి తగిలే పైపొర చాలా రకాల్లో జిగటగా మిగిలిపోతుంది, స్పిరిట్ గుడ్డతో తుడవాలి. వెలుతురు చేరని మూల పచ్చిగానే ఉంటుంది. లూరంతా దీంతోనే పూస్తే కొన్ని రకాలు దెబ్బ తగిలినప్పుడు పెళుసుగా చిట్లుతాయి. చేతికి తరచూ అంటితే చర్మానికి పడకుండా పోతుంది, గ్లౌజులు తప్పనిసరి. సీసా నల్లదై ఉండాలి. బ్రష్ ఎండలో వదిలితే కర్రముక్క అవుతుంది.

లక్క సంగతి కూడా అడుగుతుంటారు, ఏటికొప్పాక బొమ్మల మెరుపు చూసి. బొమ్మకి అది అద్భుతమే, కానీ లక్క పూత నీళ్లలో నానితే తెల్లబడుతుంది, స్పిరిట్‌కి కరిగిపోతుంది. గంటలకొద్దీ ఉప్పునీళ్లలో ఉండే వస్తువుకి పైపూతగా పనికిరాదు.

ఏ క్లియర్ వేసినా పూర్తయిన లూర్లని రబ్బరు పురుగులు, రబ్బరు కప్పలు ఉన్న డబ్బాలో కలిపి పెట్టకండి. ఆ మెత్తటి ప్లాస్టిక్‌లో కలిపే నూనె లూర్ పూతలోకి ఊరి దాన్ని జిగటగా చేసేస్తుంది, చాలా రకాల పూతలు దానికి లొంగుతాయి. ఉప్పునీళ్లలో వాడినవి మంచినీళ్లతో కడిగి, గాలాలు తీసి, ఆరాకే డబ్బాలో పెట్టాలి. వేడికి డబ్బాలో ఒకదానికొకటి అతుక్కుంటున్నాయంటే పూత ఇంకా పూర్తిగా గట్టిపడలేదన్నమాట. మళ్లీ దండెం మీద నీడలో వారం రోజులు వేలాడదీయండి.