తిరునాళ్ల రాత్రి: హరికథా, ఆర్కెస్ట్రానా?

నెల్లూరు జిల్లా తిరునాళ్లలో ఒకప్పుడు పొద్దుపోయేదాకా జనాన్ని కూర్చోబెట్టినవి ఈ రెండూ. మన ఎస్పీ బాలు గారింట్లోనూ రెండూ ఉన్నాయి: తండ్రి సాంబమూర్తి గారిది హరికథ, బాలు గారు మద్రాసులో నడిపిన ఆర్కెస్ట్రాలో ఇళయరాజా వాయించారు.

హరికథకు దాసుగారు, చిడతలు, వయొలిన్, మృదంగం, రెండు మైకులు చాలు. చిక్కంతా మృదంగంతోనే. అర్ధరాత్రి మంచుకు తోలు వదులై శ్రుతి దిగుతుంది. రాయీ కొయ్యముక్కా పట్టుకుని అంచు మీద కొట్టి ఎక్కించాలి. ఎడమవైపు తోలుకు అంటించిన రవ్వముద్ద ఆరితే గుమ్మనే నాదం పోతుంది, తడి చేత్తో అద్దాలి.

ఆర్కెస్ట్రాకు కీబోర్డు, డ్రమ్స్, బేస్ గిటారు. స్పీకర్ పెట్టెలు పాడేవాళ్ల వెనక పెడితే మైకు కూత పెడుతుంది, ముందుకు జరపాల్సిందే. కుర్రకారు ఊగాలంటే ఇదే; పద్యం చెవిలో పడాలంటే మాత్రం మా ఓటు హరికథకే. రంగు లైట్లూ సౌండూ ఒకే లైను మీద వేస్తే పాట కింద జుయ్యిమని ఒకటే రొద.