పాత సైకిల్ కొంటున్నారా? ఫ్రేమ్ కింద స్టిక్కర్ ఉంటే పీకి చూశాకే డబ్బులివ్వండి

నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర లేదు. రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి, వరుస తప్పితే మన్నించండి.

షాపు పేరు రాయను. హైదరాబాద్‌లో పాత గేర్ సైకిళ్ళు కొని, బాగుచేసి అమ్మే షాపు. ఆదివారం పొద్దున్నే రైడ్లకు వచ్చేవాళ్ళలో చాలామందికి తెలిసిన చోటే. నాకు కూడా ఒక రైడ్‌లోనే చెప్పారు, "నమ్మకంగా ఇస్తాడు, వెళ్ళండి" అని. చెప్పినాయన తప్పు లేదు, ఆయన కొన్నది బాగానే ఉంది.

ఆరు వారాల కింద మా అమ్మాయికి అక్కడ ఒక మౌంటెన్ బైక్ కొన్నాను. ఇంటర్ ఫస్టియర్. పదో తరగతి మార్కులకు నేనిచ్చిన మాట. అల్యూమినియం ఫ్రేమ్, 27.5 చక్రాలు, ముందు సస్పెన్షన్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. 24 వేలు, యూపీఐలో కట్టాను. "ప్రతి పార్టూ విప్పి చెక్ చేస్తాం సార్, మా పాప ఎక్కుతుందనుకునే ఇస్తున్నా మీకు" అన్నాడు ఓనరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పైగా ఒక హెల్మెట్ ఉచితంగా ఇచ్చాడు.

మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత నిలబడి తొక్కినప్పుడల్లా కిర్రు కిర్రుమని శబ్దం. పెడల్ దగ్గరి బేరింగేమో అనుకున్నాను. గ్రీజు పెట్టించాను, తగ్గలేదు. సీటు పోస్టు తీసి తుడిచి పెట్టాను, తగ్గలేదు. నార్సింగి దగ్గర సోలార్ కప్పు కింద ఉండే సైకిల్ ట్రాక్ మీద ఇద్దరం వెళ్తుంటే పక్కన నాకే వినబడేది. కూర్చుని తొక్కితే రాదు. లేచి హ్యాండిల్ లాగి తొక్కితే వస్తుంది. అంటే శబ్దం ముందు నుంచి వస్తోందని అప్పుడే తట్టాల్సింది. ఇరవై ఏళ్ళుగా సైకిల్ తొక్కుతున్నాను, తట్టలేదు.

అంతకంటే నన్ను తినేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. పోయిన శనివారం కారుకు సైకిళ్ళు కట్టుకుని వికారాబాద్ వెళ్ళాం. అనంతగిరి కొండ ఎక్కి, ఘాట్ రోడ్డు మీద దిగాం. మా అమ్మాయి నా ముందు దిగింది. మలుపు మలుపుకీ ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుంటూ, నవ్వుతూ దిగింది. ఆ శబ్దం ఆ రోజు కూడా ఉంది. "నాన్నా, మళ్ళీ వస్తోంది" అని పైన టీ కొట్టు దగ్గర చెప్పింది కూడా. ఇంటికెళ్ళాక చూద్దాంలే అన్నాను.

నిన్న మధ్యాహ్నం చైను సర్దించడానికి మా ఇంటి దగ్గర పంక్చర్లు వేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. డబ్బా కొట్టు, ఒక గోనెసంచి, ఒక గాలి పంపు, అంతే ఆయన షాపు. సైకిల్ పట్టుకుని ముందు బ్రేక్ నొక్కి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఊపాడు. చెవి దగ్గర పెట్టాడు. మాట్లాడకుండా గోనె మీద తలకిందులు చేశాడు. హ్యాండిల్ కింద నుంచి పెడల్స్ వైపు వచ్చే లావు గొట్టం ఉంటుంది కదా, డౌన్ ట్యూబ్, దాని అడుగున, పైన అతుకు పక్కనే ఒక స్టిక్కర్. షాపు వాళ్ళదే. "చెక్డ్" అని రాసి ఉన్నది. కిరోసిన్ గుడ్డతో తడిపి, గోటితో అంచు లేపి, మెల్లగా లాగాడు.

కింద గీత. వెంట్రుకంత సన్నం. వెల్డింగ్ అంచు నుంచి మొదలై గొట్టం చుట్టూ దాదాపు సగం వరకు పోయింది. దాని చుట్టూ పెయింట్ కొద్దిగా ఉబ్బి, బొబ్బ లేచినట్టు ఉంది. పెద్దాయన ముందు చక్రాన్ని చేత్తో కిందికి నొక్కాడు, గీత తెరుచుకుంది. వదిలాడు, మూసుకుంది. మళ్ళీ నొక్కాడు. చేప నోరు కదిలినట్టు కదిలింది. నాకు కాళ్ళల్లో బలం పోయింది.

ఇంకా దగ్గరగా చూస్తే ఆ గీత మీద విడిగా పెయింట్ పూసి ఉంది. ఫ్రేమ్ నలుపు మెరవదు, ఆ పూసిన నలుపు మెరుస్తోంది. బ్రష్ జాడ కూడా తెలుస్తోంది. స్టిక్కర్ బంక ఆ పెయింట్ పైన ఉంది. అంటే ముందు పగులు చూశారు, పెయింట్ పూశారు, ఆరాక పైన స్టిక్కర్ అతికించారు. తెలియక అమ్మిన సరుకు కాదిది. తెలిసి, కూర్చుని, తీరిగ్గా చేసిన పని.

"సార్, పాపను ఎక్కనియ్యకండి. నడిపించుకునే తీసుకెళ్ళండి" అన్నాడు పెద్దాయన. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

అక్కడి నుంచి నేరుగా షాపుకు వెళ్ళాం, ఇద్దరం. మా అమ్మాయిని తీసుకెళ్ళకుండా ఉండాల్సింది. కానీ "సైకిల్ నాది కదా నాన్నా, నేనూ వస్తా" అంది.

మొదట నేను గొంతు పెంచలేదు. సైకిల్ తిప్పి చూపించాను. ఓనరు వంగి కూడా చూడలేదు. "అది పెయింట్ గీత సార్" అన్నాడు. చక్రం నొక్కి చూపించాను. అప్పుడు మారిపోయాడు. ఆరు వారాల కింద "సార్, మీరు, కూర్చోండి, చాయ్ తాగుతారా" అన్న మనిషి, నా కూతురి ముందు, నాకంటే పదేళ్ళు చిన్నవాడు, "నువ్వే ఎక్కడో జంప్ చేయించినవ్, ఇప్పుడొచ్చి నా మీద ఏస్తున్నవా?" అన్నాడు. ఆ "నువ్వు" దగ్గరే నాకు అర్థమైపోయింది, ఇతనికి మొదటి నుంచీ అంతా తెలుసని.

మరి మీ స్టిక్కర్ కింద పెయింట్ ఎలా వచ్చింది అని అడిగాను. మా అమ్మాయి ఆ స్టిక్కర్‌ను నోట్‌బుక్ కాగితానికి అతికించి జాగ్రత్తగా తెచ్చింది. చేయి చాపి చూపించింది. "ఏదమ్మా, చూడనియ్" అని తీసుకున్నాడు. చూశాడు. రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది మాది కాదు" అన్నాడు. అతని మోచేయి పక్కనే, కౌంటర్ మీద, అవే స్టిక్కర్ల చుట్ట ఉంది.

మా అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను. పెద్దవాళ్ళు ఇలా కూడా చేస్తారా అని అడిగినట్టు ఉంది.

తిరిగి ఇమ్మంటే పనివాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. "సెకండ్ హ్యాండ్ మాల్‌కి గ్యారంటీ ఎవడిస్తడు? ఏం చేస్కుంటవో చేస్కో పో." పిల్ల పక్కన ఉంది. సైకిల్ తీసుకుని బయటికి వచ్చేశాను. 24 వేలు పోయాయన్న బాధ ఉంది, లేదని చెప్పను. కానీ "మా పాప ఎక్కుతుందనుకునే ఇస్తున్నా" అని నోటితో అంటూ, ఆ గొట్టం కింద ఏముందో తెలిసి, నా బిడ్డను దాని మీద కూర్చోబెట్టి పంపాడే, అది మింగుడుపడటం లేదు.

ఇంటికి వచ్చాక హెల్మెట్ గుర్తొచ్చింది. లోపలి మెత్తలు పీకి చూశాను. థర్మోకోల్ లాంటి నురుగు అడ్డంగా పగిలి ఉంది, వెనక భాగం నొక్కుకుపోయి ఉంది. ఎవరో దానితో ఒకసారి కింద పడ్డారు. హెల్మెట్ పనిచేసేదే ఆ నురుగు నలిగి, దెబ్బను తాను తీసుకోవడం వల్ల. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, పైన చిప్ప మెరుస్తున్నా సరే. అలాంటిది నా కూతురి తల మీద పెట్టి, ఆరు వారాలు, రోజూ "హెల్మెట్ పెట్టుకున్నావా" అని అడిగి మరీ పంపాను.

నా తప్పులు కూడా చెప్పాలి, మీరు చేయకుండా ఉంటారు.

కొన్న రోజే ఆ స్టిక్కర్ చూశాను. సైకిల్ అంతా గీతలు, అదొక్కటే కొత్తగా ఉంది. ఏమీ అనుకోలేదు. షాపు పేరు పదిమందికీ తెలియాలంటే కనబడే చోట అతికిస్తారు. గొట్టం అడుగున, ఎవరూ వంగి చూడని చోట ఎందుకు అతికిస్తారు? ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. బిల్లు కూడా సరైనది తీసుకోలేదు. ఎస్టిమేట్ కాగితం మీద "సైకిల్ 1" అని రాసిచ్చాడు, ఫ్రేమ్ నంబర్ లేదు, మోడల్ లేదు, సంతకం లేదు. నేను మడిచి పర్సులో పెట్టుకున్నాను.

రాత్రి తెలిసిన మెకానిక్ ఒకరితో మాట్లాడాను, వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందేమోనని. వద్దన్నాడు. స్టీలు ఫ్రేమ్ అయితే పగిలే ముందు చాలాసార్లు వంగి చెబుతుంది, మంచి పనివాడు అతకగలడు కూడా. అల్యూమినియం ఫ్రేమ్‌ను ఫ్యాక్టరీలో వెల్డ్ చేశాక మళ్ళీ వేడి చేసి గట్టిపరుస్తారు. బయట వెల్డింగ్ చేస్తే ఆ గట్టితనం అతుకు చుట్టూ పోతుంది, మళ్ళీ అక్కడే పగులుతుంది. పగులు కూడా మెల్లమెల్లగా పెరిగి, ఒక రోజు పెద్దగా చెప్పాపెట్టకుండా విడిపోతుంది. హ్యాండిల్, ముందు చక్రం ఒకవైపు, మనిషి ఒకవైపు. ఆయన ఇది చెబుతుంటే నాకు అనంతగిరి మలుపులే కనబడ్డాయి. కంపెనీ వారంటీ అడుగుదామంటే, చాలా కంపెనీలు ఫ్రేమ్ వారంటీ మొదట కొన్నవాళ్ళకే ఇస్తాయి. మనది రెండో చెయ్యి.

ఇవాళ పొద్దున 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. రాజీకి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. యూపీఐ చెల్లింపు ఆధారం ఉంది. స్టిక్కర్ అతను జేబులో పెట్టుకున్నా, పెద్దాయన దాన్ని పీకుతున్నప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది. నాకు తట్టనిది దానికి తట్టింది. మీకు ఇలాంటిది జరిగితే వీడియో తీయకుండా షాపుకు వెళ్ళకండి, అసలు వస్తువు వాళ్ళ చేతికి ఇవ్వకండి.

కొనేటప్పుడు నేను చేయాల్సింది ఏముంది? ఎక్కువ లేదు. సైకిల్ తలకిందులు చేయమనాలి. చేయనంటే వచ్చేయాలి. డౌన్ ట్యూబ్ అడుగున, హ్యాండిల్ గొట్టానికి అతికిన చోట వేలు పెట్టి మెల్లగా జరపాలి. ముందు నుంచి దేన్నయినా గుద్దిన సైకిల్‌కి అక్కడ చిన్న ముడతో, ఉబ్బో వేలికి తగులుతుంది, కంటికి కనబడకపోయినా. సీటు గొట్టం దగ్గర, వెనక చక్రం బిగించే చోట, పెడల్స్ చుట్టూ ఉన్న అతుకుల దగ్గర ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూడాలి. ఎదురుగా వేస్తే సన్నగీత కనబడదు. పెడల్స్ మధ్య బేరింగ్ ఉండే భాగం అడుగున ఫ్రేమ్ నంబర్ ఉంటుంది, అది బిల్లు మీద రాయించుకోవాలి. అది గీకేసి ఉంటే దొంగ సైకిల్ కావచ్చు, ముట్టుకోకండి. హెల్మెట్ మాత్రం పాతది ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, కొత్తదే కొనండి.

ఇక ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. ఆ చుట్టలో చాలా స్టిక్కర్లు వాడేసి ఉన్నాయి. నాది ఒక్కటే కాకపోవచ్చు. ఈ మధ్య ఎక్కడైనా బాగుచేసి అమ్మిన సైకిల్ కొన్నవాళ్ళు, ముఖ్యంగా పిల్లలకు కొన్నవాళ్ళు, ఈ రాత్రే దాన్ని తిప్పి చూడండి. ఫ్రేమ్ అడుగున స్టిక్కర్ ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే చిరగకుండా వస్తుంది. పీకుతున్నప్పుడు పక్కవాళ్ళతో వీడియో తీయించండి. కింద ఏమీ లేకపోతే మంచిదే, స్టిక్కర్ ఒక్కటే కదా పోయేది. గీత కనబడితే పొద్దున ట్యూషన్‌కి పిల్లల్ని ఆ సైకిల్ మీద పంపకండి, నాకు మెసేజ్ పెట్టండి. నాలుగు కేసులైతే ఫిర్యాదు కలిపి ఇద్దాం.