బుధవారం రాత్రి, ఏడో లేన్: 16 ఏళ్లు ఆడిన బౌలింగ్ ఆలీ గురించి

డెట్రాయిట్ పడమటి శివారులో, ఒక హార్డ్‌వేర్ షాపు వెనకాల, 24 లేన్ల (బంతి దొర్లించే పొడుగాటి చెక్క బాటల) బౌలింగ్ ఆలీ ఒకటుంది. ఆ చివర నిలబెట్టిన పది పిన్నుల్ని బంతితో పడగొట్టే ఆట అది. పేరు రాయను. యాజమాన్యం మారాక పేరు కూడా మారింది. పాత పేరు రాస్తే మీకు దొరకదు, కొత్త పేరు రాయడానికి నాకు మనసొప్పదు. 2007 సెప్టెంబర్ నుంచి 2023 ఏప్రిల్ దాకా, కరోనాకి మూసేసిన నెలలు తీసేస్తే, దాదాపు ప్రతి బుధవారం రాత్రి నేను అక్కడే ఉన్నాను. "కూరగాయలు తెమ్మంటే గంట ఆలోచిస్తారు, ఆ గుండు దొర్లించడానికైతే మంచులో కూడా పరిగెత్తుతారు" అని మా ఆవిడ అనేది. నిజమే.

ముందు ఆట సంగతి చెప్పేస్తాను. బౌలింగ్ ఆలీగా చూస్తే దానికి మూడు స్టార్లు కూడా ఎక్కువే. ఏడో లేన్‌లో బంతి తిరిగొచ్చే గొట్టం వారానికి ఒకసారైనా పట్టేసేది. బటన్ నొక్కితే వెనక నుంచి మెకానిక్ నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి, మనమేదో తప్పు చేసినట్టు ఒక చూపు చూసి, ఒక్క తన్ను తన్నేవాడు. బంతి వచ్చేసేది. అద్దె బూట్లు లోపల ఎప్పుడూ తడితడిగానే ఉండేవి, కౌంటర్‌లో కొట్టే స్ప్రే వల్ల. నాచోస్ మీద పోసే చీజ్ చల్లారితే ఫెవికాల్. జలపెన్యో మిరపకాయలు మాత్రం అడిగితే ఎన్నైనా వేసేవాళ్లు, అందుకు ఒక స్టార్ ఇవ్వొచ్చు.

2010 మే 1న మిషిగన్‌లో బార్లు, రెస్టారెంట్లలో పొగ తాగడం నిషేధించారు. అంతకు ముందు మూడేళ్లూ నా జాకెట్‌కి ఇంట్లోకి ప్రవేశం లేదు, గరాజ్‌లోనే మేకుకి వేలాడేది.

లీగ్‌లో చేరడం నా ఆలోచన కాదు. ఆఫీసులో పక్క సీట్లో ఉండే వరంగల్ తమ్ముడు, నేను, ఇద్దరు అమెరికన్లు కలిసి నలుగురి టీమ్. మొదటి రోజు బంతి చేతికిస్తే మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏందన్నా, గింత పెద్ద గోళీతోటా?" అన్నాడు. నా మొదటి సీజన్ సగటు 118. లీగ్‌లో హ్యాండిక్యాప్ ఉంటుంది. మా దగ్గర 220 లోంచి మన సగటు తీసేసి, మిగిలిన దాంట్లో 90 శాతం ప్రతి ఆటకీ కలిపేవాళ్లు. అంటే నాకు ఆటకి 91 పిన్నులు, అంటే పాయింట్లు, ఊరికే వచ్చేవి. చేతకానివాడిని చేతనైనవాడి పక్కన కూర్చోబెట్టడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నేనింకెక్కడా చూడలేదు.

లేన్ మీద నూనె పూస్తారని కూడా అప్పటిదాకా నాకు తెలియదు. బంతి వదిలే గీత నుంచి ముందు పిన్ను దాకా 60 అడుగులు. అందులో మొదటి 40 అడుగుల వరకు నూనె, ఆ తర్వాత పొడి చెక్క. నూనె మీద జారుతూ పోయిన బంతి పొడి చోటికి రాగానే చెక్కని పట్టుకుని మలుపు తిరుగుతుంది. క్యారమ్ బోర్డు మీద పౌడర్ ఎక్కడ పలచబడిందో చూసుకుని స్ట్రైకర్ కొట్టినవాడికి ఇది ఇట్టే అర్థమవుతుంది. అర్థం కావడం వేరు, చెయ్యి తిరగడం వేరు. నాకు చెయ్యి తిరగడానికి నాలుగేళ్లు పట్టింది. చివరి సీజన్‌లో నా సగటు 171. అంతకు మించి గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఒకే బంతికి పది పిన్నులూ పడితే స్ట్రైక్. వరసగా 12 స్ట్రైక్‌లు వేస్తే పూర్తి స్కోరు, 300 అవుతుంది. అది ఆ 16 ఏళ్లలో నా కళ్ల ముందు ఒక్కసారే జరిగింది, అదీ పక్క లేన్‌లో. పదో ఫ్రేమ్, అంటే ఆటలో ఆఖరి వంతు, వచ్చేసరికి ఆలీ మొత్తం ఆట ఆపేసి నిలబడింది. ఆఖరి బంతి వదిలినవాడు పిన్నుల వైపు చూడనే లేదు, తల దించుకుని వెనక్కి నడిచొచ్చేశాడు.

కానీ అసలు ఈ సమీక్ష రాయాలనిపించింది ఆట గురించి కాదు, కూర్చోవడం గురించి. ఒక్కసారి లెక్కేయండి. రాత్రికి మూడు ఆటలు, మహా అయితే 63 బంతులు. ఒక్కో బంతికి తీసుకోవడం, తుడవడం, వేయడం కలిపి 20 సెకన్లు. అంటే మన చేతిలో బంతి ఉండేది రాత్రి మొత్తం మీద ఇరవై నిమిషాలు. అక్కడ ఉండేదేమో రెండున్నర గంటలు. మిగతాదంతా ఆ వంకర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవడమే. రెండు టీములకి కలిపి ఒక జత లేన్లు, ఎనిమిది మంది, మధ్యలో ఒక చిన్న బల్ల. మా ఊళ్లో సెలూన్‌లో గడ్డం చేయించుకునేవాడు ఒకడైతే పేపర్ చదువుతూ కూర్చునేవాళ్లు ఆరుగురుండేవారు. అచ్చం అదే. మాట సరిగ్గా రసపట్టులో ఉండగా మన వంతు వస్తుంది. వేసి వచ్చి మళ్లీ అందుకోవాలి. మాటల్లో ఆ గండి పడటం వల్లేనేమో, బొత్తిగా పరిచయం లేనివాళ్లతో కూడా ఇబ్బందిగా ఉండేది కాదు. మాట తోచకపోతే పిన్నుల వైపు చూడొచ్చు.

మా జతలో ఎదుటి టీమ్‌కి పెద్ద ఒక రిటైర్డ్ టూల్ అండ్ డై మేకర్, అంటే ఫ్యాక్టరీలకి అచ్చులు, పనిముట్లు చేసేవాడు. అప్పటికే 74 ఏళ్లు. నేనూ వరంగల్ తమ్ముడూ మాలో మేము ఆయన్ని తాత అనుకునేవాళ్లం. కొన్నాళ్లకి ఆయనకీ తెలిసిపోయి, ఆ పిలుపుకే పలికేవాడు. చిన్నప్పుడు ఆయన పిన్ బాయ్. అప్పట్లో పడిన పిన్నుల్ని పిల్లలే నిలబెట్టేవాళ్లట. పిన్నుల వెనకాల గుంట పైన అంచు మీద కాళ్లు పైకి లాక్కుని కూర్చోవడం, బంతి పడగానే దూకడం, ఏరి నిలబెట్టడం, మళ్లీ ఎక్కడం. 1946లో బఫెలోలో మొదటిసారి పిన్నులు నిలబెట్టే యంత్రం చూపించారని, అది మా ఊరిదాకా రాగానే నా కొలువు పోయిందని నవ్వుతూ చెప్పేవాడు. స్క్రీన్ మీద స్కోరు తనంతట తనే వస్తున్నా, ఆయన మాత్రం పెన్సిల్‌తో కాగితం మీద వేసుకునేవాడు. స్పేర్‌కి (రెండు బంతుల్లో అన్నీ పడితే) పది, దాని మీద తర్వాతి ఒక బంతి. స్ట్రైక్‌కి పది, తర్వాతి రెండు బంతులు. ఒకసారి స్క్రీన్ తప్పు చూపించింది. కాగితమే ఒప్పు. ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

మేం వాళ్లకి నేర్పింది ఒక్కటే మాట. బంతి గట్టర్‌లోకి, అంటే లేన్ పక్కనుండే కాలవలోకి, పోయినప్పుడల్లా మాకు తెలియకుండానే "అయ్యో" వచ్చేసేది. రెండో సీజన్‌కి 24 లేన్లలోనూ అదే. పచ్చబొట్ల ట్రక్ డ్రైవర్లు కూడా గుండె మీద చెయ్యేసుకుని "అయ్యో" అనేవాళ్లు. అదీ సాగదీసి.

2009 గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్, డెట్రాయిట్ పెద్ద కార్ల కంపెనీలు రెండూ దివాలాకి దరఖాస్తు పెట్టాయి. దానికి ముందు శీతాకాలమంతా బుధవారాలు ఎవరి ఉద్యోగం పోయిందన్న మాటతోనే మొదలయ్యేవి. లీగ్ రుసుము వారానికి 17 డాలర్లు. కొందరికి అదీ బరువైంది. ఎవరు ఎవరిది కట్టారో మాకెప్పుడూ తెలియలేదు. కౌంటర్‌లో ఉండే ఆవిడ "నీది కట్టేశారు" అని మాత్రం అనేది. మార్చిలో మా వరంగల్ తమ్ముడి కాంట్రాక్టు ఆగిపోయింది. ఉద్యోగం పోయిన హెచ్1బీ వీసా వాళ్లకి, దేశంలో ఉండటానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017లో వచ్చింది, అప్పుడు అదీ లేదు. రెండు వారాల్లో సామాను సర్దుకున్నాడు. ఆఖరి బుధవారం తాత ఒక పాత పిన్ను తెప్పించి, అందరి చేతా సంతకాలు పెట్టించి ఇచ్చాడు. 15 అంగుళాల పొడవు, మూడున్నర పౌండ్ల బరువు. ఊరగాయ జాడీల బరువుకి అలవాటుపడ్డ సూట్‌కేసులో మొదటిసారి ఇటునుంచి అటు ఒక బరువు వెళ్లింది. శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు బయటికి తీయించి, ఇదేంటని అడిగితే చెప్పడానికి పావుగంట పట్టిందట. ఇప్పుడు కూకట్‌పల్లిలో వాళ్లింట్లో తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. "మస్తు పన్జేస్తున్నదన్నా" అని ఫోటో పంపాడు.

తాత 2018లో పోయాడు. ఆయన బంతిని వాళ్లబ్బాయి తెచ్చి, అందరూ వాడుకునే బంతుల రాక్‌లో పెట్టి వెళ్లాడు. సొంత బంతికి వేళ్ల కొలతతో రంధ్రాలు వేయిస్తారు కదా, అది ఇంకొకరికి పనికిరాదు. ఆయన బొటనవేలి కణుపు వాచి ఉండేది, అందుకని ఆ రంధ్రం బాగా వెడల్పు. అయినా ఎవరూ దాన్ని తీసేయలేదు.

2023లో కొత్త యాజమాన్యం వచ్చింది. లేన్లన్నిటికీ తాళ్ల పిన్నులు పెట్టారు. ప్రతి పిన్ను తలకీ ఒక తాడు. పడగానే పైకి లాగి మళ్లీ దింపుతుంది. పాత యంత్రంతో పోలిస్తే విడిభాగాలు చాలా తక్కువ, మెకానిక్‌తో పని దాదాపు ఉండదు. వ్యాపారంగా వాళ్ల లెక్క వాళ్లకుంది, కాదనను. కానీ తాడు కట్టిన పిన్ను తన్నుకునే తీరే వేరు. దొర్లుకుంటూ వచ్చి మూలనున్న పిన్నుని పడగొట్టే ఆ ఆఖరి క్షణం తగ్గిపోయింది. ఈ ఆటకి నియమాలు పెట్టే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ కూడా దాన్ని వేరే ఆటగానే లెక్కగట్టి వేరుగా గుర్తింపు ఇస్తోంది. చప్పుడు కూడా డొల్లగా ఉంటుంది. దాన్నైనా సహించేవాడినేమో. వంకర కుర్చీలు తీసేసి ఒక్కో లేన్‌కి ఒక్కో సోఫా వేశారు, మధ్యలో అడ్డు. పక్క లేన్ వాళ్ల మొహం కనబడదు. గంటకి ఇంత అని బుకింగ్. టైమ్ అయిపోతుంటే స్క్రీన్ మీద అంకెలు ఎర్రగా మెరుస్తాయి, అదొక టెన్షన్. వారం మధ్యలో లీగ్‌లు ఆపేశారు.

బర్త్‌డే పార్టీకి అయితే వెళ్లండి. శుభ్రంగా ఉంది, బూట్లు పొడిగా ఉన్నాయి, పిజ్జా నిజంగానే బాగుంది. నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు.

పోయిన డిసెంబర్‌లో మా అమ్మాయిని తీసుకెళ్లాను. రంగురంగుల బంతుల మధ్య కింది వరసలో ఆ నల్ల బంతి ఇంకా ఉంది. దాన్నే పట్టుకొచ్చింది. "నాన్నా, ఇందులో నా వేళ్లు రెండు పడుతున్నాయి" అంది బొటనవేలి రంధ్రం చూపిస్తూ. రెండు చేతులతో పట్టుకుని దొర్లించింది. సగం దూరం కూడా పోకుండానే గట్టర్‌లో పడింది. వెనక నుంచి ఎవరో సాగదీసి "అయ్యో" అన్నారు. తిరిగి చూస్తే కౌంటర్ దగ్గర మా పాత మెకానిక్, చేతిలో రెండు జతల బూట్లు.